మధ్యయుగపు హత్యలు చదివితే నిద్ర హాయిగా పడుతోంది, ఎందుకంటారు?

విభాగం: పుస్తకాలు › క్రైమ్, డిటెక్టివ్

నిద్రరానివాడు

మామూలు క్రైమ్ థ్రిల్లర్ రాత్రిపూట చదివితే, తలుపు గడియ పెట్టానా లేదా అని లేచి చూసుకునే రకం నేను. అలాంటివాణ్ణి ఈమధ్య బ్రదర్ కాడ్‌ఫేల్ నవలలు చదివి ప్రశాంతంగా నిద్రపోతున్నాను.

తెలియనివాళ్ల కోసం: ఎడిత్ పార్గెటర్ అనే ఆవిడ ఎలిస్ పీటర్స్ అన్న కలంపేరుతో రాసిన సిరీస్ ఇది. 1977లో మొదలై 1994 దాకా ఇరవై నవలలు వచ్చాయి. కథాకాలం 1137 నుంచి 1145. వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో, ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో ఉన్న బెనెడిక్టైన్ మఠం చుట్టూ నడుస్తాయి. కుర్రతనంలో క్రూసేడ్‌కి వెళ్లి కత్తి పట్టి, ఆ తర్వాత ఓడల మీద తిరిగి, నడివయసులో సన్యాసం పుచ్చుకుని, మఠంలో మూలికల తోట చూసుకునే వేల్స్ మనిషి మన డిటెక్టివ్.

ఇప్పుడు నా డౌటు. అదేమన్నా చల్లని కాలమా? స్టీఫెన్ రాజుకీ మటిల్డాకీ మధ్య సింహాసనం కోసం అంతర్యుద్ధం. చరిత్రకారులు ఆ కాలానికి 'అరాచకం' అనే పేరు పెట్టారు. ఊరి బయట కుష్ఠురోగుల ఆశ్రమం. దొంగతనానికి ఉరి. ప్రతి పుస్తకంలో కనీసం ఒక శవం. అయినా పుస్తకం మూసేసరికి మనసు తేలికపడుతుంది. ఎందుకంటారు?

పాతపుస్తకం

గంటలండీ, గంటలు. అర్ధరాత్రి దాటాక ఒక ప్రార్థన, తెల్లవారుతుంటే ఒకటి, చీకటి పడ్డాక చివరిది. ఊళ్లో కొంపలు మునిగినా సరే, గంట మోగుతుంది, సన్యాసులు వరసగా నడిచి వెళ్లి పాడతారు. హత్య ఆ టైంటేబుల్‌ని చెడగొడుతుంది, కథ అయ్యేసరికి అది మళ్లీ దారిలో పడుతుంది. పైగా ఎవరు ఏ ప్రార్థనకు రాలేదన్నది రచయిత్రికి ఉచితంగా దొరికిన క్లూ. వాచీలు లేని కాలంలో అలిబై నడపాలంటే మఠం కంటే మంచి చోటు లేదు.

ఇంకోటి, తిండి. సెయింట్ బెనెడిక్ట్ నియమావళిలో రోజుకు ఒక పౌను రొట్టె, రెండు వండిన వంటకాలు అని ఉంటుంది. నాలుగు కాళ్ల జంతువుల మాంసం జబ్బుపడ్డవాళ్లకు తప్ప కూడదు. బఠాణీలు, చిక్కుళ్లు, క్యాబేజీ. కార్తీకమాసం మెనూ దాదాపుగా. పక్కన శవం లేచినా భోజనం మాత్రం సాత్వికం.

ప్లీడరుగుమాస్తా

హాయి అంటున్నారు గానీ, అప్పటి చట్టం ఎలా ఉండేదో చూస్తే నిద్ర ఎగిరిపోతుంది.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో శవం ఎవరి కంటపడితే వాళ్లు కేకలేసి ఊరిని లేపాలి. కేకలు వినబడినవాళ్లు పనులు వదిలి హంతకుడి వెంటపడాలి. పడకపోతే జరిమానా. నార్మన్లు వచ్చాక ఇంకో మెలిక పెట్టారు. చచ్చినవాడు ఇంగ్లీషువాడని ఊరివాళ్లు రుజువు చేయలేకపోతే, వాడు నార్మన్ కిందే లెక్క. హంతకుడు దొరక్కపోతే ఆ ప్రాంతం మొత్తం మీద 'మర్డ్రమ్' అనే దండుగ. ఇది 1340లో గానీ పోలేదు. ఇప్పుడు మీరు ఒక పల్లెలో రైతు అనుకోండి. పొద్దున్నే గట్టు మీద తెలియని మనిషి శవం. మీ గుండెల్లో రాయి పడేది వాడి మీద జాలితో కాదు, దండుగ తలుచుకుని.

అనుమానంగా చచ్చినవాళ్ల సంగతి విచారించే అధికారి, అంటే కరోనర్ అనే పదవి, 1194లో వచ్చింది, అంటే కాడ్‌ఫేల్ కథలయ్యాక అర్ధశతాబ్దానికి. అదన్నా న్యాయం కోసమా అంటే, ముఖ్యంగా రాజుగారి రాబడి కోసం. ఉరిపడినవాడి సొత్తు రాజుకు. బండి కిందపడి మనిషి చనిపోతే ఆ బండి, లేదా దాని ఖరీదు కూడా రాజుకే. ఆ పద్ధతి ఇంగ్లండ్‌లో 1846 దాకా బతికే ఉంది!

నేరం తేలకపోతే దైవపరీక్ష. ఎర్రగా కాల్చిన ఇనుము చేత్తో పట్టుకుని కొన్ని అడుగులు నడవాలి, కట్టు కట్టి మూడు రోజుల తర్వాత విప్పి చూస్తారు. పుండు చీము పట్టిందా, నేరస్థుడే. 1215లో చర్చి తన పాదిరీలను ఇందులో పాల్గొనొద్దన్నాక గానీ అది ఆగలేదు. మరి ఇందులో హాయి ఎక్కడుంది సార్?

నిద్రరానివాడు

ప్లీడరుగుమాస్తా గారూ, మీరు భయపెట్టాలని రాసిందంతా నాకు ప్లాట్లలా కనిపిస్తోంది. దండుగ భయంతో రాత్రికి రాత్రి శవాన్ని పొలిమేర దాటించి పక్కూరి పొలంలో పడేస్తే? వాళ్లు మర్నాడు రాత్రి వెనక్కి తెచ్చి పడేస్తే? నాలుగు అధ్యాయాలు అక్కడే అయిపోతాయి.

నిర్వాహకులు

అందరికీ మనవి: హంతకుడి పేరు బయటపెట్టొద్దు. పుస్తకం పాతదే అయినా కొత్తగా చదివేవాళ్లు ఉంటారు. విషయం చెప్పండి, మనిషిని చెప్పకండి.

వేపచెట్టుకింద

ఆయుర్వేదం చదువుకున్నదాన్ని, అందుకే మూడో నవల గురించి రెండు ముక్కలు. అందులో విషం 'మాంక్స్‌హుడ్' అనే మొక్క వేరు. కాడ్‌ఫేల్ స్వయంగా నూరి, నూనెలో కలిపి, కీళ్లనొప్పులున్న ముసలి సన్యాసుల వీపులకు రుద్దించే మందు. అదే నూనె ఒక పెద్దమనిషి భోజనంలో కలుస్తుంది. తను తయారుచేసిన మందే మనిషిని చంపిందని తెలిసినప్పుడు ఆయన పడే బాధ ఉంది చూడండి, నాకు ఆ పుస్తకమంతటిలో అదే నచ్చింది. వైద్యం చేసే ఎవరికైనా లోపల ఉండే భయం అది.

మనకీ మొక్క కొత్త కాదు. మన వసనాభి దాని చుట్టమే, అదే జాతి. ఆవుపాలలోనో గోమూత్రంలోనో శుద్ధి చేయకుండా మన వైద్యంలో దాన్ని వాడరు. లోపలికి వెళితే ముందు పెదవులు, నాలుక తిమ్మిరెక్కుతాయి, తర్వాత వాంతులు, చివరికి గుండె లయ తప్పుతుంది. ప్రత్యేకమైన విరుగుడు ఈనాటికీ లేదు. నవలలో కాడ్‌ఫేల్ గుర్తుపట్టేది ఈ లక్షణాలు చూసే. ల్యాబ్ రిపోర్టు లేదు, పోస్ట్‌మార్టం లేదు. ముక్కు, వేళ్లు, కళ్లు, అంతే. నూనె గుడ్డకు అంటితే మరకా పోదు, వాసనా పోదు. ఆ మాత్రం తెలిసినవాడికి అది చాలు.

రచయిత్రి చిన్నవయసులో ఒక మందుల షాపులో అసిస్టెంటుగా కొన్నేళ్లు పనిచేశారు. మూలికల కొట్టు వర్ణన చదువుతుంటే ఆ అనుభవం తెలుస్తూనే ఉంటుంది. ఏ జాడీ మీద మూత సరిగ్గా లేదో ఆవిడకు తెలుసు.

యుగంధర్_అభిమాని

నేను కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ చదివి పెరిగినవాణ్ణి. కారు, ఫోను, అసిస్టెంటు రాజు. ఈ సన్యాసి డిటెక్టివ్‌కి గాడిదైనా ఉందా లేదా?

నిద్రరానివాడు

మఠం వాళ్లు కంచర గాడిద ఇస్తారండీ, అదీ మఠాధిపతి పర్మిషన్ ఇస్తేనే. కానీ రాజు లాంటి మనిషి ఉన్నాడు, హ్యూ బెరింగార్ అని. మొదట డిప్యూటీ షెరిఫ్, తర్వాత షెరిఫ్, అంటే ఆ జిల్లాలో రాజుగారి తరఫు అధికారి. చట్టం అతని చేతిలో, బుర్ర ఈయన దగ్గర.

సెవెర్న్‌గట్టు

మేముండేది బర్మింగ్‌హామ్‌లో. ష్రూస్‌బరీకి రైల్లో వెళ్లి రావచ్చు, తేలికే. సెవెర్న్ నది ఊరిని మూడు వైపులా చుట్టేసి ఉంటుంది, నది చుట్టని ఇరుకు మెడలాంటి చోట కోట. మఠం మాత్రం వంతెన అవతల ఉంది. రోజర్ డి మోంట్‌గోమరీ 1083లో కట్టించిన మఠం. ఎనిమిదో హెన్రీ 1540లో మూయించేశాడు. ఎర్రరాతి చర్చి నిలిచింది, ఇప్పటికీ అందులో ఆరాధన జరుగుతుంది. మిగతా మఠమంతా పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో హోలీహెడ్ రోడ్డు దాని మీదుగానే వేశారు.

నాకు బాగా గుర్తుండిపోయింది రోడ్డు అవతల ఒంటరిగా మిగిలిన ఒక రాతి కట్టడం. సన్యాసులు మాట్లాడకుండా భోంచేస్తుంటే ఒకాయన ఎత్తైన అరుగులాంటి దాని మీద నిలబడి గ్రంథం చదివేవాడట. ఆ భోజనశాల లేదు, గోడల్లేవు, అరుగు మాత్రం ఉంది. చెక్కిన రాళ్లతో, చిన్న కమాన్లతో. దాని పక్కనే కార్లు పార్క్ చేసుకుంటారు. మా అబ్బాయి ఇది బస్టాపా అన్నాడు.

చర్చి లోపల సెయింట్ వినిఫ్రెడ్ సమాధి మందిరంలోని ఒక చెక్కడపు ముక్క ఉంది. మొదటి నవలకు ఆధారం ఆమె అస్థికలే. వేల్స్‌లోని గ్విథెరిన్ నుంచి వాటిని 1138లో నిజంగానే తీసుకొచ్చారు. తెచ్చిన ప్రయర్ (మఠాధిపతి తర్వాతి పెద్ద) రాబర్టే ఆమె చరిత్ర కూడా రాశాడు. పుణ్యక్షేత్రం ఉంటే భక్తులొస్తారు, భక్తులొస్తే కానుకలొస్తాయి. ఈ లెక్క మనకెవరూ వివరించనక్కర్లేదు.

ప్లీడరుగుమాస్తా

బావుంది. కానీ నా అసలు అభ్యంతరం చెప్పనివ్వండి. ఈ కాడ్‌ఫేల్ పన్నెండో శతాబ్దం మనిషి కాడు. అంగీ తొడుక్కున్న ఇరవయ్యో శతాబ్దపు పెద్దమనిషి. ఆడవాళ్లను సమానంగా చూస్తాడు, కుష్ఠురోగిని ముట్టుకుంటాడు, ముస్లింల గురించి గౌరవంగా మాట్లాడతాడు, మహిమల గురించి అడిగితే మెల్లగా నవ్వుతాడు. మనకు నచ్చే గుణాలన్నీ ఒకే మనిషిలో పోసి పాత కాలంలో దింపారు. మీ హాయి రహస్యం అదే. మన కాలం నుంచి ఒక తోడును వెంటబెట్టుకుని ఆ కాలానికి టూరు వెళ్లొస్తున్నారు.

పాతపుస్తకం

అది కొంత నిజమే. అయినా ఈవిడ వివరాల్లో జాగ్రత్తపరురాలు. కొన్ని మధ్యయుగపు నవలల్లో సత్రంలో బంగాళాదుంప కూర వడ్డించేస్తారు! కొలంబస్ తాత కూడా పుట్టలేదు అప్పటికి. మనవాళ్లూ తక్కువ తినలేదు లెండి, కాకతీయుల నాటి వంటింట్లో ఎండుమిర్చి పోపు వేయించినవాళ్లున్నారు.

కొత్తిమీరకట్ట

ఇందాకటి నుంచి చదువుతున్నాను. గంటలు, తోట, భోజనం అన్నీ ఒప్పుకుంటాను. కానీ నాకు హాయి ఎక్కడ మొదలైందో చెబుతాను. రెండో నవల.

1138 వేసవి. స్టీఫెన్ రాజు ష్రూస్‌బరీ కోటను ముట్టడించి పట్టుకున్నాడు. లోపల దొరికినవాళ్లను ఉరి తీయించాడు. ఇది కల్పన కాదు. ఆ ఊరి దగ్గరే పుట్టి నార్మండీలో సన్యాసిగా బతికిన ఆర్డెరిక్ విటాలిస్ తన చరిత్రలో రాశాడు, కోటలో ఉన్న ఆర్నుల్ఫ్‌తో పాటు తొంభై మందికి పైగా చంపించాడని. నవలలో ఆ లెక్క తొంభై నాలుగు. శవాలను దిక్కూమొక్కూ లేకుండా వదిలేయకూడదని మఠం అడుగుతుంది. కడిగి, పడుకోబెట్టి, పాతిపెట్టే పని కాడ్‌ఫేల్ మీద పడుతుంది. ఆయన లెక్కపెడతాడు. తొంభై ఐదు. మళ్లీ లెక్కపెడతాడు. తొంభై ఐదే.

ఎవరో ఒకణ్ణి చంపి, రాజుగారు చంపించినవాళ్ల మధ్యలో పడేసి పోయారు. ఎవరు చూడొచ్చారని. తొంభై నలుగురిని చట్టం పేరుతో చంపినచోట ఒకడు ఎక్కువైతే ఎవరికి పట్టింది? అందరూ ఆయనకు చెప్పేది కూడా అదే, పోనీవయ్యా అని. ఆయన పోనివ్వడు. రాజు దగ్గరికి వెళ్లి, మీ లెక్కలో ఒకటి తేడా వచ్చింది అంటాడు.

నేను చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. వందల మంది చచ్చే కాలంలో ఒక్క శవం ఎవరిదని అడిగేవాడు ఒకడున్నాడు. థ్రిల్లర్లలో శవాలు పెరిగేకొద్దీ వాటి విలువ తగ్గిపోతుంది. ఇక్కడ అలా జరగదు. ప్లీడరుగుమాస్తా గారూ, ఆయన మన కాలం మనిషి అన్నారు. మన కాలంలో మాత్రం ఇలా లెక్కపెట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారండీ?

ప్లీడరుగుమాస్తా

ఈ ఒక్క మాటకు జవాబు లేదమ్మా నా దగ్గర. మిగతా వాదన మాత్రం వదిలిపెట్టను.

మంగళగిరి_మగ్గం

నాకు నచ్చేది ఇంకోటి. చివర్లో ఆయన కొన్నిసార్లు నేరం చేసినవాణ్ణి వదిలేస్తాడు. పేర్లు చెప్పను. ప్రాయశ్చిత్తం వేరే దారిలో చేసుకో పో అంటాడు. పోలీసు నవలలో ఇన్‌స్పెక్టర్ ఇలా చేస్తే లంచం తిన్నాడంటాం. ఇక్కడ మనమే వదిలేయమని బతిమాలుతుంటాం. ఎందుకంటే పట్టిస్తే ఒకటే శిక్ష, ఉరి.

ప్లీడరుగుమాస్తా

దానికి ఆ కాలంలోనే చట్టబద్ధమైన దారి ఉండేది. నేరం మీద పడినవాడు పరిగెత్తి చర్చిలోకి దూరితే బయటికి ఈడ్చకూడదు. నలభై రోజుల గడువు. ఆలోపు నేరం ఒప్పుకుని, దేశం విడిచిపోతానని ప్రమాణం చేయాలి. చెప్పిన రేవుకు, చేతిలో శిలువ పట్టుకుని, పెద్దరోడ్డు దిగకుండా నడిచి వెళ్లాలి. రోడ్డు దిగాడా, ఎవరైనా తల తీయొచ్చు. ఏడో నవల మొదలయ్యేదే అక్కడ. అర్ధరాత్రి ప్రార్థన మధ్యలో ఒక బక్కచిక్కిన గారడీ కుర్రాడు గుడిలోకి వచ్చి పడతాడు, వెనకాల కర్రలతో గుంపు. నిజం చెప్పాలంటే ఆ అధ్యాయం నేను నిలబడి చదివాను.

అయినా నా ప్రశ్న నాకుంది. చనిపోయినవాడి తల్లిని అడిగారా, వదిలేయొచ్చా అని? దయ చూపించే హక్కు తోటమాలికి ఎవరిచ్చారు?

మంగళగిరి_మగ్గం

ఎవరూ ఇవ్వలేదు. ఇనుము కాల్చి చేతిలో పెట్టే హక్కు వాళ్లకు ఎవరిచ్చారు?

వేపచెట్టుకింద

ఇద్దరూ తగ్గేలా లేరు. నేను టీ పెట్టుకుని వస్తాను.

సెవెర్న్‌గట్టు

ఇది నచ్చినవాళ్లకు ఇంకొన్ని. పీటర్ ట్రెమైన్ రాసిన సిస్టర్ ఫిడెల్మా సిరీస్, ఏడో శతాబ్దపు ఐర్లండ్. ఆమె సన్యాసిని, న్యాయవాది కూడా. అక్కడి బ్రెహాన్ చట్టంలో హత్యకు కూడా ప్రధానంగా నష్టపరిహారమే, మనిషి హోదాను బట్టి. ప్లీడరుగుమాస్తా గారికి పండగ. మొదటి నవల 664లో విట్బీలో జరిగిన చర్చి సమావేశం మధ్య నడుస్తుంది.

బెర్నార్డ్ నైట్ రాసిన క్రౌనర్ జాన్ కూడా ఉంది, ఇందాక చెప్పుకున్న 1194 కరోనర్ మీద. రచయిత స్వయంగా ఫోరెన్సిక్ పాథాలజిస్ట్. కానీ అది హాయి కాదు, కొంచెం ముతక.

పాతపుస్తకం

ఉంబెర్టో ఎకో నవల 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' సంగతి? 1327, ఇటలీ మఠం, గ్రంథాలయం.

నిద్రరానివాడు

గొప్ప పుస్తకం, మంచి నిద్రను చెడగొడుతుంది. అది వేరే దారం.

యుగంధర్_అభిమాని

జడ్జి డీ ఎవరూ చెప్పలేదేం? డీ రెన్‌జియే నిజంగానే తాంగ్ రాజవంశపు అధికారి, 630 నుంచి 700 దాకా బతికాడు. రాబర్ట్ వాన్ గూలిక్ అనే డచ్ దౌత్యవేత్త ముందు ఒక పాత చైనా నవలను అనువదించి, తర్వాత ఆ పాత్రతో సొంత కథలు రాశాడు. అక్కడ ముద్దాయి ఒప్పుకుంటే గానీ శిక్ష లేదు, ఒప్పించడానికి కొట్టొచ్చు. కోర్టు సీన్లు చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి.

కొత్తిమీరకట్ట

మన దగ్గర ఇలాంటివి ఎవరైనా రాస్తే బావుండు. చోటు కూడా రెడీగా ఉంది. మల్కాపురం శాసనం, 1261, రుద్రమదేవి కాలం. గణపతిదేవుడి గురువైన విశ్వేశ్వర శంభువుకు మందడం, వెలగపూడి గ్రామాలిచ్చారు. అవును, ఇప్పుడు సెక్రటేరియట్ ఉన్న వెలగపూడే. అక్కడ శైవుల గోళకీ మఠం, విద్యార్థులు, సత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల. వైద్యుడున్నాడు, లెక్కలు రాసే కాయస్థుడున్నాడు, కాపలాకు వీరభద్రులున్నారు. ష్రూస్‌బరీకి ఏం తక్కువ? నన్నడిగితే డిటెక్టివ్ ప్రసూతిశాలలో మంత్రసాని. ఊళ్లో ప్రతి ఇంటి గుట్టూ ఆమెకు తెలుసు.

ప్లీడరుగుమాస్తా

మంత్రసాని, మంచి ఆలోచన. ఒకటే సందేహం. చచ్చినవాడు ఏ కులంవాడు? దాన్నిబట్టే ఉంటుంది ఎవరైనా పట్టించుకుంటారా లేదా అన్నది. హాయి నవలలో ఈ ప్రశ్న తప్పించుకోవడం తేలిక. తప్పించుకుంటే నేను చదవను.

కొత్తిమీరకట్ట

తప్పించుకోనక్కర్లేదు. ఆ సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టాలని శాసనంలోనే ఉంది. రాతి మీద రాసినదానికీ, బంతిలో జరిగేదానికీ మధ్య తేడా ఎక్కడొచ్చిందో అక్కడే శవం దొరుకుతుంది.

ప్లీడరుగుమాస్తా

రాయండి. మొదటి కాపీ నేను కొంటాను. చట్టం తప్పులుంటే మార్జిన్‌లో ఎర్రసిరాతో రాసి పంపుతాను.

కొత్తసభ్యుడు_కర్నూలు

దారం మొత్తం చదివాను. ఇప్పుడు ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? టీవీ సిరీస్ కూడా ఉందంటున్నారు.

నిద్రరానివాడు

టీవీ సిరీస్ 1994 నుంచి 1998 దాకా వచ్చింది, పదమూడు ఎపిసోడ్లు. డెరెక్ జాకోబీ వేశాడు, ఆయన బావుంటాడు. షూటింగ్ ఎక్కువగా హంగరీలో చేశారు. కథలు కుదించేశారు కాబట్టి ముందు పుస్తకాలే చదవండి. క్రమంలో చదవక్కర్లేదు గానీ, నన్నడిగితే రెండోదానితో మొదలుపెట్టండి, అంతర్యుద్ధం ఏమిటో అక్కడే అర్థమవుతుంది, హ్యూ బెరింగార్ కూడా అందులోనే వస్తాడు. అది నచ్చితే మొదటిదానికి వెనక్కి వెళ్లొచ్చు.

వేపచెట్టుకింద

మూడోది చదివాక కీళ్లనొప్పుల నూనె సీసా మీద పేరు రాసిపెట్టుకోండి. మా ఇంట్లో రాసేశాను.